కార్నియాపై గాట్లు: హ్రస్వదృష్టి శస్త్రచికిత్సలో ‘ఫలితం’ అనే భావన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కార్నియాపై గాట్లు పెట్టి హ్రస్వదృష్టిని సరిదిద్దే శస్త్రచికిత్స ఇరవయ్యో శతాబ్దంలో టోక్యో, మాస్కో, అమెరికాలలో మూడు దశలుగా నడిచింది. ఈ మూడు దశలనూ కత్తి, పరికరం, నైపుణ్యాల ప్రగతిగా చెప్పడం పరిపాటి. శస్త్రచికిత్స ఫలితాన్ని ఎప్పుడు, ఎంతకాలం తరువాత కొలవాలి అనే ప్రశ్న ఆధారంగా ఆ చరిత్రను తిరిగి చదవడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: హ్రస్వదృష్టి, కార్నియా, రేడియల్ కెరటాటమీ, సాటో, ఫ్యోదొరోవ్, పెర్క్ అధ్యయనం, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

దూరపు వస్తువు నుంచి వచ్చిన కాంతికిరణాలు నేత్రపటలం మీద కాక దానికి ముందే కేంద్రీకృతమైతే ఆ దోషాన్ని హ్రస్వదృష్టి అంటారు. కంటి మొత్తం కేంద్రీకరణ సామర్థ్యం సుమారు 60 డయాప్టర్లయితే, అందులో మూడింట రెండు వంతులు కంటి ముందుభాగాన ఉండే పారదర్శకమైన కార్నియాదే. మధ్యభాగంలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. ఇంత పలుచని పొర వంపును కొద్దిగా తగ్గించగలిగితే కళ్ళద్దాల అవసరం తీరుతుందన్న తర్కం సులువుగానే తోస్తుంది. ఆ వంపును తగ్గించడానికి మొదట దొరికిన సాధనం కత్తి.

మధ్యభాగాన్ని ముట్టకుండా, దాని చుట్టూ బండిచక్రపు ఆకుల్లా లోతైన గాట్లు పెడతారు. గాట్లు పడిన అంచుభాగం బలహీనపడి, లోపలి పీడనానికి వెలుపలికి ఉబ్బుతుంది. అంచు ఉబ్బితే మధ్యభాగం చదునవుతుంది. కిరణాలు వెనుకకు జరిగి నేత్రపటలాన్ని చేరతాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. చూపు కుదిరేది కార్నియా బలహీనపడినందువల్లనే. గాయం పూర్తిగా మాని, పూర్వపు దృఢత్వం తిరిగి వస్తే ఫలితం నిలవదు. ఫలితం నిలవాలంటే బలహీనత నిలవాలి. తరువాతి అరవై ఏళ్ళ చరిత్రలోని చిక్కులన్నీ ఏదో ఒక రూపంలో ఈ సంగతి దగ్గరికే వస్తాయి.

2. కుందేలు కన్ను, మనిషి కన్ను

గాటు వల్ల కార్నియా వంపు మారుతుందన్న ఊహ పందొమ్మిదో శతాబ్దపుది. 1885లో నార్వే వైద్యుడు హ్యాల్మార్ షోట్జ్, కంటిశుక్లం శస్త్రచికిత్స తరువాత ఏర్పడిన అసమదృష్టిని తగ్గించడానికి కార్నియా అంచున గాటు పెట్టారు. 1898లో డచ్చి పరిశోధకుడు లాన్స్ కుందేళ్ళ మీద ప్రయోగాలు చేసి, గాట్ల లోతు, సంఖ్య పెరిగేకొద్దీ ప్రభావమూ పెరుగుతుందని చూపారు. ఇవన్నీ అసమదృష్టికి సంబంధించినవి. హ్రస్వదృష్టి కోసం కార్నియా చుట్టూ గాట్లు పెట్టే పద్ధతిని నిర్మించినవారు జపాన్‌కు చెందిన త్సుతోము సాటో.

సాటో టోక్యోలోని జున్‌తెందో వైద్యవిద్యాసంస్థలో నేత్రవైద్యులు. కార్నియా శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ రోగుల్లో, వెనుకవైపు ఉండే డెస్మెట్ పొర తనంతట తానే చిట్లి, మానిన తరువాత శంకువు కొంత చదునుకావడాన్ని ఆయన 1930ల చివర గమనించారు. ప్రకృతి చేసిన పనిని కత్తితో చేయవచ్చని భావించారు. మొదట కెరటోకోనస్‌కు, అసమదృష్టికి, ఆపైన హ్రస్వదృష్టికి ఆ ఆలోచనను విస్తరించారు. కార్నియా ముందువైపే కాక, కత్తిని కంటి ముందుగదిలోకి పోనిచ్చి వెనుకవైపు కూడా గాట్లు పెట్టడం ఆయన పద్ధతిలోని ప్రత్యేకత. ఒక్కో కంటికి రెండువైపులా కలిపి పదుల సంఖ్యలో గాట్లు ఉండేవి. 1953లో అకియామా, షిబాతా అనే సహచరులతో కలిసి అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో ఈ పద్ధతిని ప్రకటించారు. 1950లలో జున్‌తెందోలో ఆరువందలకు పైగా కళ్ళకు ఈ చికిత్స జరిగింది. నెలల తరబడి చూసినప్పుడు ఫలితాలు బాగున్నాయి. హ్రస్వదృష్టి తగ్గింది, కార్నియా పారదర్శకంగానే ఉంది. సాటో 1960లో మరణించేనాటికి ఆయన ఎదుట ఉన్న సాక్ష్యం ఇదే.

కార్నియా వెనుకవైపు డెస్మెట్ పొరను ఆనుకుని ఒకే వరుసలో పరచుకున్న కణాలుంటాయి. వాటిని అంతఃస్తర కణాలంటారు. కార్నియాలోకి చేరే నీటిని ఎప్పటికప్పుడు వెలుపలికి తోడిపోయడం వాటి పని. ఆ తోడకం ఆగితే కార్నియా ఉబ్బి, మసకబారి, పైపొరమీద నీటిబుడగలు లేస్తాయి. అవి చిట్లినప్పుడు నొప్పి తీవ్రంగా ఉంటుంది. మనిషిలో ఈ కణాలు చనిపోతే కొత్తవి పుట్టవు. పక్కనున్నవి సాగి ఖాళీని పూరిస్తాయి. వయసుతో వాటి సంఖ్య ఎలాగూ తగ్గుతుంది. సాటో పెట్టిన వెనుక గాట్లు ఈ కణాలనే తెగగోశాయి. మిగిలిన కణాలు పదేళ్ళో, ఇరవయ్యేళ్ళో భారం మోశాయి. ఆ తరువాత చేతులెత్తేశాయి. 1980ల తొలినాళ్ళకు, చికిత్స జరిగి సగటున ఇరవయ్యేళ్ళు గడిచాక, ఆ రోగులు ఉబ్బి మసకబారిన కార్నియాలతో ఆసుపత్రులకు తిరిగివచ్చారు. ఆ విషయాన్ని ప్రపంచానికి తెలిపిన పరిశోధనపత్రాలు జున్‌తెందో నేత్రవైద్యులవే. తమ సంస్థ పూర్వపు రోగులను వెదకి పరీక్షించి, గురువు పద్ధతి వైఫల్యాన్ని శిష్యపరంపరే నమోదు చేసింది. వైద్యచరిత్రలో ఇటువంటి సందర్భాలు తరచుగా కనిపించవు.

సాటోను నిందించడం తేలిక. అయితే చరిత్రకారునికి ఆ తేలికదనం తగదు. అంతఃస్తర కణాల పంపు చర్య స్పష్టంగా తెలిసింది ఆయన తరువాతే. జీవించివున్న మనిషి కంటిలో ఈ కణాలను చూపే స్పెక్యులర్ మైక్రోస్కోపు వైద్యశాలల్లోకి వచ్చింది 1970లలో. దీనికి తోడు ప్రయోగజంతువు ఇచ్చిన భరోసా ఉంది. సాటో తన గాట్లను ముందు కుందేళ్ళ మీద పరీక్షించారు. కుందేలు కంటిలో అంతఃస్తర కణాలు తిరిగి పుడతాయి. గాయం మాని, కార్నియా మళ్ళీ తేటపడుతుంది. అంటే ప్రయోగశాల ఇచ్చిన సమాధానం కుందేలు విషయంలో సరైనదే, మనిషి విషయంలో తప్పు. ఈ తేడా బయటపడాలంటే మనిషి కంటిలో ఇరవయ్యేళ్ళు గడవాలి. సాటో బాధ్యత ఏమిటని అడిగితే, అజ్ఞానం కన్నా వేగాన్ని పట్టుకోవడం న్యాయం. ప్రమాదం లేని ఒక దోషానికి, కళ్ళద్దాలతో సరిపోయే దానికి, వందల కళ్ళను తెరవడానికి కొద్దికాలపు ఫలితాలు చాలునని భావించడంలో ఆ వేగం కనిపిస్తుంది.

3. మాస్కో: వరుసలో బల్లలు

రెండో దశ సోవియట్ యూనియన్‌లో మొదలైంది. దాని కేంద్రపురుషుడు స్వ్యతొస్లావ్ ఫ్యోదొరోవ్ (1927–2000). యవ్వనంలో ట్రాము ప్రమాదంలో పాదం పోగొట్టుకున్న వ్యక్తి, వైమానికుడు కావాలన్న కోరిక వదులుకుని వైద్యం చదివారు. 1960లో చెబొక్సారీ పట్టణంలో కృత్రిమ కటకాన్ని కంటిలో అమర్చి, అందుకు పైఅధికారుల ఆగ్రహానికి గురయ్యారు. 1974లో ఆయన మాస్కోలో కార్నియా ముందువైపు మాత్రమే గాట్లు పెట్టే పద్ధతిని ప్రారంభించారు. వెనుకవైపు కత్తి పోలేదు. అంతఃస్తరం భద్రం. రేడియల్ కెరటాటమీ పేరుతో లోకానికి తెలిసినది ఈ రూపమే.

దీని పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. హ్రస్వదృష్టి గల కుర్రవాడొకడు దెబ్బలాటలో పడగా కళ్ళద్దం పగిలి ముక్కలు కార్నియాలో గుచ్చుకున్నాయట. గాయాలు మానాక అతని చూపు మెరుగుపడిందట. ఫ్యోదొరోవ్ దానినుంచి ఊహ అందుకున్నారట. పత్రికలు ఎంతో ఇష్టంగా చెప్పుకున్న కథ ఇది. అయితే సాటో పత్రం ఆంగ్లంలో 1953 నాటికే ఉంది. ముందువైపు గాట్ల పద్ధతిని సోవియట్ వైద్యుడు యెనలేయెవ్ 1969లోనే ఆచరించి ఉన్నారు. కుర్రవాడి ఉదంతం జరిగి ఉండవచ్చు. కానీ దానిని మూలకథగా నిలబెట్టినప్పుడు ముందువారి కృషి మరుగునపడుతుంది. ముందువారి కృషితో పాటు వారి రోగుల గతి ఏమైందన్న ప్రశ్న కూడా మరుగునపడుతుంది. పత్రికల కథలో తప్పిపోయినది ఈ రెండోదే.

ఫ్యోదొరోవ్ చేసిన అసలు పని ఈ శస్త్రచికిత్సను లెక్కలకూ యంత్రానికీ లోబరచడం. తన సహచరుడు దుర్నెవ్‌తో కలిసి, రోగి హ్రస్వదృష్టి పరిమాణం, కార్నియా వంపు మొదలైన అంశాలను బట్టి ఎన్ని గాట్లు, ఎంత లోతు, మధ్యలో ముట్టకుండా వదలవలసిన వృత్తం ఎంత అని నిర్ణయించే సూత్రాలను రూపొందించారు. వారి పత్రం 1979లో అమెరికన్ పత్రికలో వెలువడింది. 1980లో మాస్కోలో నేత్ర సూక్ష్మశస్త్రచికిత్సా పరిశోధన సంస్థ ఏర్పడింది. 1986లో అది అనేక నగరాల్లో శాఖలున్న సముదాయంగా విస్తరించింది. కదిలే బల్లల మీద పడుకున్న రోగులు ఒక వైద్యుని నుంచి మరొకరి ముందుకు సాగేవారు. ఒకరు గుర్తులు పెడితే మరొకరు కోసేవారు, ఇంకొకరు పరీక్షించేవారు. కర్మాగారపు కన్వేయర్ వైద్యశాలలోకి వచ్చింది. చేసిన శస్త్రచికిత్సల సంఖ్యను బట్టి సంస్థకు ఆదాయం వచ్చే ఏర్పాటు కూడా ఉంది. సోవియట్ ఆర్థికవ్యవస్థలో ఇది అరుదు. పెరెస్త్రోయికా కాలంలో ఫ్యోదొరోవ్ ప్రజానాయకుడయ్యారు. 1996లో రష్యా అధ్యక్షపదవికి పోటీ చేశారు. 2000 జూన్‌లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు.

కన్వేయర్‌ను యాంత్రికమని కొట్టివేసిన విమర్శకులున్నారు. పేదదేశాలకు అదే దారి అన్నవారూ ఉన్నారు. ఈ వ్యాస ప్రశ్న దృష్టిలో అందులో కీలకమైన లోపం వేరు. బల్లల వరుసలో ప్రతి దశకూ ఒక వైద్యుడున్నాడు. పదేళ్ళ తరువాతి దశకు ఎవరూ లేరు. రోగి బల్లదిగి తన ఊరికి వెళ్ళిపోతాడు. ఆ దేశపు విస్తీర్ణంలో అతనిని మళ్ళీ వెదకడం కన్వేయర్ పని కాదు.

4. అమెరికా: ‘ప్రయోగాత్మకం’ అన్న మాట మీద వ్యాజ్యం

డెట్రాయిట్‌కు చెందిన లియో బోర్స్ మాస్కోకు వెళ్ళి ఈ పద్ధతిని నేర్చుకుని, 1978లో అమెరికాలో ప్రారంభించారు. రెండేళ్ళలోనే అది వారాంతపు శిక్షణ శిబిరాల ద్వారా, పత్రికాప్రకటనల ద్వారా దేశమంతా పాకింది. ఔషధమైతే అమ్మకానికి ముందు ప్రభుత్వ అనుమతి కావాలి. కత్తితో చేసే కొత్త పనికి అటువంటి అనుమతి అక్కరలేదు. ఆ ఖాళీలో 1980లో జాతీయ నేత్ర సలహామండలి ఈ శస్త్రచికిత్సను ‘ప్రయోగాత్మకం’ అని పేర్కొని, పరిశోధన పూర్తయ్యేదాకా సంయమనం పాటించమని కోరింది. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ ఆ అభిప్రాయాన్ని సమర్థించి ప్రకటన విడుదల చేసింది.

ఆ ఒక్క విశేషణం మీద న్యాయస్థానంలో పోరు నడిచింది. రేడియల్ కెరటాటమీ చేసే కొందరు వైద్యులు అకాడమీ తమ వృత్తిని దెబ్బతీయడానికి కుట్ర పన్నిందంటూ, వ్యాపార పోటీని రక్షించే చట్టం కింద దావా వేశారు. 1989లో ఏడో సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానం అకాడమీ పక్షాన నిలిచింది. అకాడమీ తన అభిప్రాయం చెప్పిందే గాని ఎవరినీ శస్త్రచికిత్స చేయవద్దని నిర్బంధించలేదని, మాటకు మాటతోనే సమాధానం చెప్పుకోవాలని తీర్పు సారాంశం. తీర్పు వెలువడేనాటికి ఆ శస్త్రచికిత్స లక్షల కళ్ళ మీద జరిగింది. ఒక చికిత్స ఏ రోజు నుంచి ప్రయోగాత్మకం కాకుండా పోతుంది అన్న ప్రశ్నకు న్యాయస్థానం జవాబు చెప్పలేదు. చెప్పవలసిన పని దానిది కాదు కూడా.

జవాబు చెప్పడానికి పూనుకున్నది పెర్క్ అధ్యయనం. జాతీయ నేత్రసంస్థ నిధులతో, ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ వేరింగ్ నాయకత్వంలో, తొమ్మిది కేంద్రాల్లో ఇది నడిచింది. 1982, 83లలో 435 మందికి శస్త్రచికిత్స జరిగింది. అందరికీ ఎనిమిదే గాట్లు. వజ్రపు కత్తి, అల్ట్రాసౌండ్‌తో కొలిచిన మందం, ముందే నిర్ణయించిన మధ్యవృత్తం. ఒక్కో వైద్యుని చేతివాటం ప్రకారం మారేదేదీ ఉండరాదన్నది నియమం. అప్పటికే ఎక్కువమంది వైద్యులు తమతమ మార్పులతో ముందుకు పోతున్నందున, పెర్క్ పద్ధతి పాతబడిపోయిందని ఎగతాళి చేసినవారున్నారు. ఆ ఎగతాళి అధ్యయనం విలువను పట్టుకోలేదు. పద్ధతిని కదలకుండా నిలిపితేనే కాలం చేసే పని విడిగా కనిపిస్తుంది.

1994లో పదేళ్ళ ఫలితాలు వెలువడ్డాయి. 374 మందికి చెందిన 693 కళ్ళను తిరిగి పరీక్షించారు. 53 శాతం కళ్ళకు అద్దాలు లేకుండానే సాధారణ దృష్టి అంటే 20/20 ఉంది. 85 శాతం కళ్ళకు 20/40 లేదా అంతకన్నా మెరుగైన చూపు ఉంది. దూరపు చూపుకు అద్దాలు వాడడం లేదని చెప్పినవారు సుమారు 70 శాతం. ఇవి చిన్న విజయాలు కావు. రోగుల సంతృప్తిని భ్రమగా తీసిపారేయడానికి వీలులేదు. కానీ అదే నివేదికలో మరో అంకె ఉంది. శస్త్రచికిత్స జరిగిన ఆరు నెలలకూ పదేళ్ళకూ మధ్య 43 శాతం కళ్ళు దీర్ఘదృష్టి వైపు ఒక డయాప్టరు లేదా అంతకు మించి జరిగాయి. ఆగిపోయే సూచన కూడా లేదు. కార్నియా పదేళ్ళుగా నెమ్మదిగా చదునవుతూనే ఉంది. ఫలితం నిలవాలంటే బలహీనత నిలవాలని మొదట అనుకున్నాం. ఆ బలహీనత ఒకచోట నిలవక ముందుకు సాగుతోందని ఇప్పుడు తేలింది.

నలభై దాటిన వయసులో దగ్గరి అక్షరాలు మసకబారడాన్ని తెలుగులో చత్వారం అంటారు. చత్వారింశత్ అన్న సంఖ్యనుంచి వచ్చినదని చెప్పే ఈ మాట కంటిదోషానికి వయసుతో ఉన్న బంధాన్ని పేరులోనే పెట్టుకుంది. ఆంగ్లపదంలో ఇంత స్పష్టత లేదు. పెర్క్ రోగుల్లో చాలామంది శస్త్రచికిత్స నాటికి ముప్పైల్లో ఉన్నారు. అద్దాలు లేని పదేళ్ళు గడిపి చత్వారపు వయసుకు చేరేసరికి, చదునవుతున్న కార్నియా వారి దీర్ఘదృష్టిని దానికి జతచేసింది. హ్రస్వదృష్టి గలవారికి వృద్ధాప్యంలో దక్కే సహజ వరం ఒకటుంది. అద్దం తీసేసి దగ్గరి అక్షరం చదువుకోగలరు. ఆ వరాన్ని వీరు ముప్పైల్లోనే మారకం వేసుకున్నారు. మారకపు ధర అప్పుడు వారికి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే చెప్పగలిగినవారు అప్పటికి లేరు.

5. కొండ మీద

గాట్లు పూర్తిగా మానవని రోగులకు రోజువారీ అనుభవంలోనూ తెలుస్తుంది. పొద్దున ఒకరకం చూపు, సాయంత్రం మరొకరకం. రాత్రివేళ దీపాల చుట్టూ కిరణాల పూలు. బంతి దెబ్బో, పిడికిలి దెబ్బో తగిలినప్పుడు ఏళ్ళనాటి గాటు వెంబడే కన్ను చిట్లిన కేసులు వైద్యపత్రికల్లో ఉన్నాయి. వీటన్నిటికన్నా ఎక్కువమందికి తెలిసినది 1996 మే 10న ఎవరెస్టు మీద జరిగింది. టెక్సస్‌కు చెందిన పాథాలజిస్టు బెక్ వెదర్స్ ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారు. ప్రాణవాయువు పలుచబడిన ఎత్తులో కార్నియా ఉబ్బుతుంది. మామూలు కార్నియా సమంగా ఉబ్బుతుంది, చూపు అంతగా మారదు. గాట్లున్న కార్నియాలో అంచుభాగం ఎక్కువగా ఉబ్బి మధ్యభాగం మరింత చదునవుతుంది. వెదర్స్ చూపు శిఖరానికి ఎక్కే దారిలోనే చెడింది. ఆయన అక్కడే ఆగి నిరీక్షిస్తుండగా తుఫాను కమ్మింది. చనిపోయాడని వదిలేసిన మనిషి బతికి తిరిగివచ్చారు. కుడిచేయి, ఎడమచేతి వేళ్ళు, ముక్కు మంచుకు పోయాయి. ఎత్తైన ప్రదేశాల్లో ఈ కళ్ళు ఎలా ప్రవర్తిస్తాయన్నది 1990లలో అమెరికా సైనికవైద్యులు పద్ధతిగా పరీక్షించి నిర్ధారించారు.

6. కత్తి స్థానంలో కాంతి

పెర్క్ పదేళ్ళ నివేదిక వెలువడిన మరుసటి సంవత్సరమే, 1995లో, అమెరికాలో ఎక్సైమర్ లేజర్‌తో కార్నియాను చెక్కే చికిత్సకు అనుమతి లభించింది. 1981లో ఐబీఎం పరిశోధనశాలలో, మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్, తన సహచరులతో కలిసి ఈ అతినీలలోహిత కాంతి జీవకణజాలాన్ని కాల్చకుండా శుభ్రంగా చెక్కగలదని కనుగొన్నారు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్‌తో కలిసి దానిని కార్నియాకు అన్వయించారు. ఆనాటి ఊహల్లో ఒకటి, ఆ కాంతితో ఇవే ఆకుగాట్లను మరింత నిక్కచ్చిగా పెట్టడం. కత్తి అలవాటు కాంతిలోకి కూడా కొంతకాలం పాకింది. గాటు వదిలి మధ్యభాగాన్ని నేరుగా చెక్కవచ్చన్న ఆలోచన నిలదొక్కుకున్నాక రేడియల్ కెరటాటమీ కొద్ది ఏళ్ళలోనే కనుమరుగైంది. దానిని ఆపింది పదేళ్ళ సాక్ష్యమా, మెరుగైన సరుకా అని అడిగితే, కాలక్రమం రెండోదానివైపే మొగ్గుతుంది.

భారతదేశంలోనూ 1980, 90లలో ఈ శస్త్రచికిత్స జరిగింది. అప్పుడు పాతికేళ్ళ వయసున్నవారికి ఇప్పుడు కంటిశుక్లం వస్తోంది. శుక్లం తీసి అమర్చే కృత్రిమ కటకపు సామర్థ్యాన్ని కార్నియా వంపును కొలిచి నిర్ణయిస్తారు. మామూలు పరికరం కార్నియా నడిమధ్యను కాక దాని చుట్టూ కొద్ది దూరంలోని బిందువులను కొలుస్తుంది. గాట్లున్న కంటిలో నడిమధ్య అంతకన్నా చదునుగా ఉంటుంది కనుక కొలత ఎక్కువగా వస్తుంది, కటకం చాలకపోతుంది, రోగి మళ్ళీ దీర్ఘదృష్టిలో పడతాడు. దీనికి ప్రత్యేక సూత్రాలున్నాయి. వాటిలో కొన్నింటికి శస్త్రచికిత్సకు ముందటి కొలతలు కావాలి. ముప్పై, నలభై ఏళ్ళనాటి ఆ కాగితం చాలామంది దగ్గర ఉండదు. శుక్లం తీసిన తరువాత కూడా పాతగాట్లు ఉబ్బి కార్నియా తాత్కాలికంగా మరింత చదునవుతుంది. కటకం తప్పిందో లేదో తేల్చడానికి వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి. అంతకుముందు, కత్తి పట్టుకునే వైద్యుడు స్లిట్ ల్యాంపు కింద ఆ గాట్లు ఎనిమిదో పదహారో లెక్కపెట్టి, తన గాటు వాటిలో ఏ ఒక్కదాన్నీ దాటకుండా పోయే దారి ఉందో లేదో చూసుకుంటాడు. దారి లేకపోతే కార్నియాను వదిలి పక్కనున్న తెల్లగుడ్డు మీద నుంచి లోపలికి వెళతాడు.